టైరు ఒక పక్కే అరుగుతోందా? అలైన్‌మెంట్ కంటే ముందు చూడాల్సినవి, చేయించేటప్పుడు అడగాల్సినవి

ఒక పక్కే అరిగిన టైరు కనబడగానే చాలామంది కారుని నేరుగా అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) మిషను మీదికి ఎక్కిస్తారు. కొన్ని వందలు కట్టి, అంకెలన్నీ పచ్చగా ఉన్న కాగితం తీసుకుని ఇంటికొస్తారు. నాలుగు నెలలకి చూస్తే అదే చక్రం, అదే పక్క, అదే అరుగుదల. బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు చక్రాలు ఏ కోణంలో ఉన్నాయన్నది మాత్రమే మిషను కొలుస్తుంది. గాలి తక్కువైతే టైరు అరుగుతుంది. బుష్ (జాయింటులోని రబ్బరు తొడుగు) చిరిగితే అరుగుతుంది. షాక్ అబ్జార్బర్ పోయినా, డిస్కు (టైరు ఎక్కించే లోహపు చక్రం) వంగినా, బేరింగు వదులైనా అరుగుతుంది. వీటిలో ఒక్కటి కూడా అలైన్‌మెంట్‌తో బాగుపడదు. పైగా వదులు జాయింట్ల మీద చేసిన అలైన్‌మెంట్ నాలుగు గోతులు దిగితే మళ్లీ తప్పుతుంది. అందుకని ఈ వరస పాటించండి: ముందు గాలి, తర్వాత టైరు మీది అరుగుదల, ఆపైన జాయింట్లలో లూజు, ఆ తర్వాత డిస్కులు, బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూతా సమం చేయడం). అలైన్‌మెంట్ అన్నిటికంటే చివర.

గోదావరి డెల్టాలో తిరిగే బండికి ఎడమ ముందు చక్రాన్ని ముందుగా అనుమానించాలి. కాలవ గట్ల మీది రోడ్లు ఒక బండికి సరిపోయేంతే ఉంటాయి. ఎదురుగా ట్రాక్టరో కోత మిషనో వస్తే ఎడమ చక్రాలు మార్జిన్‌లోకి దిగక తప్పదు, మళ్లీ తెగిన తారు అంచు మీదుగా పైకెక్కక తప్పదు. అడుగున నల్లరేగడి కావడంతో నేల తడికి ఉబ్బి, ఎండకి కుంగి, తారు అలలు తిరుగుతుంది. సార్వా, దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి అంచున రాళ్లు పేరుస్తారు. చీకట్లో ఆ రాయి చక్రానికి తగిలితే డిస్కు, టైరు గోడ, టై రాడ్ (స్టీరింగు తిప్పుడుని చక్రానికి అందించే కడ్డీ) మూడూ దెబ్బతినొచ్చు. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల లారీల నుంచి కారే నీళ్లు, ఉప్పాడ, అంతర్వేది వైపు సముద్రపు గాలి బండి కిందిభాగాన్ని తుప్పు పట్టిస్తాయి. ఈ తుప్పు సంగతి అలైన్‌మెంట్ రోజున ఎలా అడ్డుపడుతుందో కింద చెబుతున్నాం.

కావలసినవి, చోటు

సొంత ప్రెషర్ గేజ్, ట్రెడ్ (రోడ్డుకి తగిలే గాడుల భాగం) లోతు కొలిచే చిన్న గేజ్, సుద్దముక్క, 3 మీటర్ల టేపు, టార్చి, జాకీ, లేపిన బండి కింద వేసే స్టాండు, వీల్ స్పానర్, చక్రాలకి అడ్డుపెట్టడానికి రెండు చెక్క దిమ్మెలు, ఒక నోటుబుక్కు. చోటు చదునుగా, గట్టిగా ఉండాలి. రైసు మిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం దొరికితే అంతకంటే మంచి చోటు అక్కర్లేదు. ఇంటి ముందు మట్టి మీదే చేయాల్సివస్తే జాకీ కింద అడుగు వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న చెక్క వేయండి. మన నేలలో జాకీ ఒక పక్కకి దిగబడి బండి జారిపోతుంది. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరవద్దు, చెయ్యి కూడా పెట్టవద్దు. స్టాండు వేశాకే.

1. గాలి: చల్లగా ఉన్నప్పుడే

పొద్దున్నే, బండి తీయకముందు కొలవండి. బంకు దాకా వెళ్లాల్సివస్తే 2, 3 కిలోమీటర్లు దాటకుండా చూసుకోండి. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. ఎంత గాలి పెట్టాలో అదే చెబుతుంది. చిన్న కార్లకి చాలావరకు 30 నుంచి 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య ఉంటుంది. టైరు గోడ మీద పీఎస్ఐలో రాసి ఉన్న అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. దాన్ని చూసి గాలి కొట్టించకూడదు.

స్టిక్కరు మీద తరచుగా రెండు వరసలు ఉంటాయి, ఇద్దరు ముగ్గురికి ఒకటి, నిండా ఎక్కినప్పటికి ఒకటి. అయిదుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా, కొబ్బరికాయలు వేసుకుని పెళ్లికి వెళ్లేటప్పుడు రెండో వరస పాటించాలి. చాలామంది దాన్ని చూడనే చూడరు, వెనక టైర్ల రెండు అంచులూ అరగడానికి ఇదొక పెద్ద కారణం.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే గాలి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. దూరం నడిచి వచ్చిన టైరులో నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ కనబడటం సహజం. అది చూసి గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది. బంకుల్లో గేజ్‌లు ఒకదానికొకటి సరిపోవు, అందుకే సొంత గేజ్ అన్నాం. ఒక్క చక్రమే నెలకి 3, 4 పీఎస్ఐ తగ్గుతుంటే సన్న మేకో, వాల్వో, డిస్కు అంచు తుప్పో చూడండి. అలాంటి చక్రం అరుగుదలని అలైన్‌మెంట్ తప్పుగా పొరబడటం చాలా తేలిక.

2. టైరును చదవడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పితే ముందు టైరు లోపలి అంచు కనబడుతుంది. నిటారుగా ఆపిన బండిని బయటినుంచి చూస్తే లోపలి అంచు తీగలు తేలినా తెలియదు. బండి నడిపేవాళ్లలో చాలామందికి టైరు పేలే రోజు దాకా లోపలి అంచు సంగతి తెలియకపోవడానికి కారణం ఇదే.

ప్రతి టైరుకీ లోపలి గాడి, నడిమి గాడి, బయటి గాడి, మూడు చోట్ల లోతు కొలవండి. చక్రాన్ని పావు వంతు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల ఇదే చేసి రాసుకోండి. కొత్త టైరులో లోతు సుమారు 7, 8 మి.మీ. ఉంటుంది. గాడుల అడుగున అడ్డంగా ఉండే చిన్న గట్లు 1.6 మి.మీ. ఎత్తు, రబ్బరు వాటితో సమానమైందంటే ఆ టైరు పని అయిపోయింది. గోదావరి వానల్లో రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు 3 మి.మీ. దగ్గరే పట్టు తగ్గడం తెలుస్తుంది, 1.6 దాకా ఆగడం మంచిది కాదు.

ఇప్పుడు అంకెలు, అరచెయ్యి రెండిటితో చదవాలి.

రెండు అంచులూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువ. నడుమ అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ. ఈ రెండూ గాలి సంగతే, మిషను జోలికి పోవద్దు. ఒక్క తేడా: ముందు టైర్ల బయటి అంచులు మాత్రమే గరుకుగా అరిగితే, తక్కువ గాలితో మలుపులు వేగంగా తిప్పడం కూడా కారణం కావచ్చు. వంతెన దిగి కాలవ గట్టు మీదికి లంబంగా తిరిగే మలుపులు మనకి అడుగడుగునా ఉన్నాయి.

ఒక అంచే అరిగి, రబ్బరు నున్నగా, ఏటవాలుగా ఉంటే క్యాంబర్, అంటే చక్రం నిటారుగా కాక పక్కకి వాలి ఉండటం. చక్రం తల లోపలికి వాలితే లోపలి అంచు, బయటికి వాలితే బయటి అంచు. ఒక్క చక్రానికే ఇలా ఉంటే ఏదో వంగిందని లేదా వదులైందని అర్థం, ఎందుకంటే క్యాంబర్ దానంతటది మారదు.

ఒక అంచు అరిగి, దానితోపాటు రబ్బరు గీతల అంచులు రంపం పళ్లలా చేతికి తగిలితే టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు తిన్నగా కాక లోపలికో బయటికో తిరిగి ఉండటం. ఇది కంటికంటే చేతికే బాగా తెలుస్తుంది. అరచేతిని టైరు మీద అడ్డంగా, బయటినుంచి లోపలికి, మళ్లీ లోపలినుంచి బయటికి జరపండి. తీగ తేలిన టైరైతే చెయ్యి పెట్టకండి, కోసుకుంటుంది. లోపలికి జరిపినప్పుడు నున్నగా ఉండి, బయటికి జరిపినప్పుడు గీరుకుంటే చక్రాల ముందు అంచులు ఒకదానివైపు ఒకటి తిరిగి ఉన్నాయి, అంటే టో-ఇన్ ఎక్కువ. దీనికి బయటి అంచు ముందు పోతుంది. బయటికి జరిపినప్పుడు నున్నగా, లోపలికి గీరుకుంటే టో-అవుట్, లోపలి అంచు పోతుంది. టో చిన్న తేడాకే ఎంత తింటుందో ఒక లెక్క చూడండి. 580 మి.మీ. ఎత్తు టైరులో మొత్తం టో 3 మి.మీ. తప్పితే ఒక్కో చక్రానికి ఒకటిన్నర మి.మీ. అంటే ప్రతి కిలోమీటరుకీ ఆ టైరు రెండున్నర మీటర్లకి పైగా అడ్డంగా ఈడ్చుకుపోతోంది. అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్లొస్తే ఆ ఈడ్పు వందల మీటర్లు. ఇది స్టీరింగులో తెలియదు, ఎందుకంటే ఎడమ కుడి ఒకదాన్నొకటి సరిచేసుకుని బండి తిన్నగానే పోతుంది.

చుట్టూతా బెత్తెడుకొకటి చొప్పున గుంటలు పడితే షాక్ అబ్జార్బర్, లేదా బ్యాలెన్సింగ్, లేదా బేరింగు లూజు. చక్రం రోడ్డుని వదిలి వదిలి కొట్టుకుంటోందని దాని అర్థం. ఇలాంటి టైరు ఊళపెడుతుంది, చాలామంది బేరింగు పోయిందనుకుని మార్పిస్తారు. తేడా ఇలా పట్టండి: మృదువైన తారు మీదికి రాగానే చప్పుడు తగ్గి, గరుకు రోడ్డు మీద పెరిగితే టైరు. రోడ్డు ఏదైనా ఒకేలా ఉండి, 40, 50 వేగంలో కొంచెం ఎడమకి కుడికి తిప్పినప్పుడు చప్పుడు పెరిగి తగ్గుతుంటే బేరింగు.

ఒకే చోట అరచేయంత మేర అరిగితే బ్రేకు పట్టేసి జారిన మచ్చ. అది ఒకసారి జరిగిన దెబ్బ.

వెనక టైర్లలో ఏటవాలు గుంటలు, ఒక్కో దిమ్మె ఒక అంచు ఎత్తుగా ఒక అంచు పల్లంగా ఉండటం చిన్న కార్లలో మామూలుగా కనబడుతుంది. వెనక బరువు తక్కువ, టైర్లు ఏళ్ల తరబడి అక్కడే ఉంచుతారు. దానికి కాస్త టో తప్పు కలిస్తే ఇలా అవుతుంది.

చదవడం అయ్యాక టైరు గోడల మీద ఉబ్బు కోసం చూడండి. ఉబ్బు ఉందంటే లోపలి దారాలు తెగాయి, ఆ టైరు మార్చాలి. దానికి మందు లేదు.

3. జాయింట్లలో లూజు

హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనక చక్రాలకి దిమ్మెలు పెట్టి, ముందు ఒక చక్రం లేపండి. స్టాండు వేయండి.

చక్రాన్ని ఎడమ కుడి అంచుల దగ్గర, అంటే గడియారంలో 9, 3 ఉండే చోట పట్టుకుని ఊపండి. టక్‌మని కదిలితే టై రాడ్ ఎండ్ లేదా దాని లోపల స్టీరింగు ర్యాకుకి కలిసే ర్యాక్ ఎండ్. ఇంకొకరిని ఊపమని చెప్పి మీరు టై రాడ్ ఎండ్ మీద వేళ్లు పెడితే కదలిక అక్కడిదో లోపలిదో తెలిసిపోతుంది. తర్వాత పైన కింద, 12, 6 ఉండే చోట పట్టుకుని ఊపండి. కదిలితే కింది బాల్ జాయింటు గానీ బేరింగు గానీ. ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి: బ్రేకు తొక్కగానే కదలిక పోతే బేరింగు, తొక్కినా ఉంటే బాల్ జాయింటు. వరదకి రోడ్డు మీద నీళ్లొచ్చినప్పుడు హబ్బు (చక్రం బిగించే నడిమి భాగం) మునిగేలా నడిపిన బండిలో బేరింగుల్ని తప్పకుండా చూడాలి. నీళ్లు లోపలికి పోతే నెలల తర్వాత చప్పుడు మొదలవుతుంది.

ఇక లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందివైపు బండికి పట్టి ఉంచే చేయి) బుష్‌లు. అలైన్‌మెంట్ కాగితం పచ్చగా ఉన్నా లోపలి అంచు అరుగుతూనే ఉందంటే మొదట పట్టుకోవాల్సింది వీటినే. బండి ఆగి ఉన్నప్పుడు చిరిగిన బుష్ కూడా ఆర్మ్‌ని తన చోటే ఉంచుతుంది, మిషను సరైన అంకే చూపిస్తుంది. రోడ్డు మీద బ్రేకు వేయగానే, గోతిలో పడగానే ఆర్మ్ వెనక్కి జరిగి టో మారిపోతుంది, టైరు అప్పుడు అరుగుతుంది. గుర్తులు: బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగడం, స్పీడ్ బ్రేకరు మీద టక్కుమని చప్పుడు, బండి తిన్నగా పోకుండా అటూ ఇటూ తూలినట్టు అనిపించడం. సన్న ఇనప రాడ్డుతో ఆర్మ్‌ని బుష్ దగ్గర ఎత్తి చూస్తే రబ్బరు చీలిక కనబడుతుంది. మెకానిక్కు దీన్ని రెండు నిమిషాల్లో చూపించగలడు, చూపించమని అడగండి. బుష్ మార్చేటప్పుడు దాని బోల్టుని చక్రం గాల్లో ఉండగా బిగించకూడదు. బండి చక్రాల మీద నిలబడ్డాక బిగించాలి, లేకపోతే రబ్బరు మెలితిరిగి కొద్ది నెలల్లోనే మళ్లీ చిరుగుతుంది.

షాక్ అబ్జార్బర్ మీద నూనె కారిన తడి చూడండి. బండి మూలని గట్టిగా నొక్కి వదిలితే పైకి లేచి ఒకసారి సర్దుకుని ఆగాలి. రెండు మూడుసార్లు ఊగితే పోయినట్టే. ఊగలేదు కదా అని పూర్తిగా నమ్మకండి, సగం పోయిన అబ్జార్బర్లు ఈ పరీక్షలో దొరకవు. మార్చాల్సివస్తే ఎడమ కుడి జతగా మార్చండి.

4. ఒక పక్కకి లాగుతోందా?

మన రోడ్లు నీళ్లు పోవడానికి నడుమ ఎత్తుగా, ఎడమకి వాలుగా ఉంటాయి. కాబట్టి పట్టు సడలిస్తే బండి మెల్లిగా ఎడమకి జరగడం తప్పు కాదు. గట్టు రోడ్డు మీద ఈ పరీక్ష చేయవద్దు. తణుకు, రావులపాలెం మధ్య 16వ నంబరు జాతీయ రహదారి లాంటి తిన్నని రోడ్డు మీద, వెనకాముందు ఖాళీ చూసుకుని, 60 వేగంలో స్టీరింగు మీద వేళ్లు ఆనించి ఉంచండి, పూర్తిగా వదలకండి. రెండు మూడు సెకన్లలోనే పక్క లైన్‌లోకి పోతుంటే అది లాగుడే.

అప్పుడు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. ముందు టైర్లు రెండూ ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చండి. గోడ మీద తిరిగే దిక్కు చూపే బాణం ఉన్న టైర్లకి ఇది చేయకూడదు. లాగుడు ఇప్పుడు రెండో పక్కకి మారితే తప్పు టైరుది. లోపలి అల్లికలో తేడా వల్ల కొన్ని టైర్లు అలా లాగుతాయి, అలైన్‌మెంట్ ఎంత చేసినా తగ్గదు. మారకపోతే బ్రేకు చూడండి. 10 కిలోమీటర్లు నడిపి, బ్రేకులు ఎక్కువ వాడకుండా ఆపి, ముందు చక్రాల డిస్కులకి తగలకుండా దగ్గరగా చెయ్యి పెట్టి వేడి పోల్చండి. ఒకటి మాడిపోతుంటే క్యాలిపర్ (బ్రేకుని నొక్కే భాగం) పట్టేసి ఉంది. ఉప్పు గాలి తగిలే ఊళ్లలో క్యాలిపర్ పిన్నులు తుప్పు పట్టి ఇలా అవుతాయి. ఇవన్నీ కాకపోతేనే కోణాలు: బండి క్యాంబర్ ఎక్కువ పాజిటివ్ (చక్రం తల బయటికి వాలి) ఉన్న పక్కకి, క్యాస్టర్ (స్టీరింగు అక్షం వెనక్కి వాలిన కోణం) తక్కువ ఉన్న పక్కకి లాగుతుంది.

5. మట్టి, డిస్కులు, బ్యాలెన్సింగ్

80 దాటాక స్టీరింగు వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణికితే బ్రేకు డిస్కులు, అది వేరే పని.

బ్యాలెన్సింగ్‌కి వెళ్లేముందు చక్రాల లోపలివైపు కడిగించండి. వానాకాలంలో పొలం దారిలో తిరిగిన బండి డిస్కు లోపల నల్లమట్టి గడ్డ కట్టి ఎండిపోతుంది. ఆ మట్టిని ఉంచి బరువులు కొడితే, తర్వాత మట్టి రాలిన రోజున వణుకు మళ్లీ మొదలవుతుంది. ఒక డిస్కుకి 60, 70 గ్రాములకి పైగా బరువు అడుగుతుంటే మిషను మీద తిరుగుతుండగానే డిస్కు అంచు ఊగుతోందేమో చూడండి. ఊగకపోతే టైరుని డిస్కు మీద సగం చుట్టు తిప్పి మళ్లీ ఎక్కించమనండి, తరచుగా బరువు తగ్గుతుంది. ఇనుప డిస్కు వంపు తీయొచ్చు. పగులు ఉన్న అలాయ్ డిస్కుకి వెల్డింగు చేయించి ముందు చక్రానికి వాడటం ప్రాణాలతో చెలగాటం.

6. ఇంట్లోనే టో కొలవడం

మిషను అంత కచ్చితం కాకపోయినా తప్పు పెద్దదో చిన్నదో చెప్పేస్తుంది, మిషను కాగితం నిజమో కాదో కూడా సరిచూసుకోవచ్చు. ముందు చక్రాలు ఒక్కొక్కటే లేపి, తిప్పుతూ, కదలని దిమ్మెకి ఆనించిన మేకుతో ట్రెడ్ నడుమ సన్నని గీత చుట్టూ గీయండి. టైరు నడిమి గాడిని గుర్తుగా తీసుకోవద్దు, గాడి వంకరగా ఉండొచ్చు; తిప్పుతూ గీసిన గీతే తిన్నగా వస్తుంది. బండి దించి, స్టీరింగు తిన్నగా పెట్టి, రెండు మీటర్లు ముందుకి తోసి ఆపండి. వెనక్కి జరపొద్దు. హబ్బు ఎత్తులో రెండు గీతల మధ్య దూరం చక్రాల ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి ఇద్దరు పట్టుకుని కొలవండి. వెనక ఇంజను కింది భాగాలు అడ్డొస్తే టేపు పోయేంత కిందికి దిగి, ముందు కూడా అదే ఎత్తులో కొలవండి. ముందు దూరం తక్కువైతే టో-ఇన్, ఎక్కువైతే టో-అవుట్. చాలా చిన్న కార్లకి ఇది సున్నాకి అటూ ఇటూ ఒకటి రెండు మి.మీ. లోపలే ఉండాలి, మీ మోడల్ అంకె సర్వీస్ సెంటరులో దొరుకుతుంది. 4, 5 మి.మీ. తేడా వస్తే ఆ బండి ఇక దూరం నడపకుండా షాపుకి తీసుకెళ్లండి.

7. అలైన్‌మెంట్ షాపులో

ముందురోజు సాయంత్రం టై రాడ్ లాక్‌నట్ల మీద, మరల మీద తుప్పు వదిలించే నూనె కొట్టండి. తీరం వైపు బండ్లకి ఇది చాలా అవసరం. ఒక పక్క నట్టు తుప్పుకి కదలకపోతే షాపువాడు రెండో పక్క ఒక్కటే తిప్పి మొత్తం టో సరిచేస్తాడు. అంకె సరిపోతుంది, స్టీరింగు మాత్రం వంకరగా నిలబడుతుంది. ఆపైన ఆ వంకర తీయడానికి స్టీరింగునే ఊడదీసి మళ్లీ బిగిస్తానంటే ఒప్పుకోకండి. దానివల్ల ర్యాకు నడిమి స్థానం తప్పుతుంది, ఎడమకి కుడికి తిరిగే మేర తేడా వస్తుంది, ఎయిర్‌బ్యాగు వైర్లతో కూడా చెలగాటం. వంకర తీయాల్సింది రెండు టై రాడ్లని సమంగా తిప్పి.

డిక్కీ ఖాళీ చేసి వెళ్లండి. మిషను మీద ఎక్కించాక ఇవి కళ్లారా చూడండి: నాలుగు చక్రాల గాలి సరిచేశారా, ముందు చక్రాల కింద తిరిగే పళ్లేల పిన్నులు తీశారా, క్లాంపులు బిగించాక బండిని కాస్త ముందుకీ వెనక్కీ దొర్లించి డిస్కు వంపుని లెక్కలోంచి తీయించారా, స్టీరింగుని తిన్నగా పెట్టి లాక్ కొట్టారా. మోడల్, తయారైన సంవత్సరం మిషనులో సరైనవే ఎంచుకున్నారా అన్నది అన్నిటికంటే ముఖ్యం. తప్పు మోడల్ ఎంచుకుంటే పచ్చరంగుకి అర్థం లేదు. పని అయ్యాక లాక్‌నట్ బిగించారో లేదో, తిప్పేటప్పుడు ర్యాకు రబ్బరు బూటు మెలిపడిందో లేదో చూడండి. బూటు చిరిగితే మట్టి, నీళ్లు పోయి ర్యాకే పాడవుతుంది.

ముందు అంకెలు, తర్వాత అంకెలు రెండూ ఉన్న కాగితం తీసుకోండి. కొన్ని మిషన్లు డిగ్రీలు, నిమిషాల్లో రాస్తాయి, 60 నిమిషాలు ఒక డిగ్రీ. కొన్ని దశాంశాల్లో రాస్తాయి. 0.12 డిగ్రీ వేరు, 12 నిమిషాలు వేరు, ఏది రాశారో అడగండి. చూసే వరస వెనక చక్రాల నుంచి. వెనక టో ఎడమ కుడి సమంగా లేకపోతే బండి కొంచెం పక్కవాటుగా నడుస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ముందు చక్రాలు సరిచేస్తే స్టీరింగు వంకరగా నిలుస్తుంది. మన చిన్న కార్లలో ఎక్కువవాటికి వెనక ఒకే బీము ఉంటుంది, అక్కడ తిప్పడానికి బోల్టు ఉండదు. బీము వంగితే మార్చాలి, కొన్నిటికి హబ్బు వెనక షిమ్ములు (సన్న రేకులు) వేసి చిన్న తేడా తీస్తారు.

ముందు క్యాంబర్, క్యాస్టర్ కూడా చాలా కార్లలో కదలవు. ఎడమ కుడి మధ్య అర డిగ్రీకి మించి తేడా ఉంటే ఏదో వంగింది. ఏది వంగిందో కాగితమే చెబుతుంది. క్యాంబర్‌ని, స్టీరింగు అక్షం (చక్రం ఎడమకి కుడికి తిరిగే ఇరుసు) పక్కవాలుని కలిపిన కోణాన్ని రెండు పక్కలా పోల్చండి. ఆ మొత్తం రెండు పక్కలా సమంగా ఉండి క్యాంబర్ ఒక్కటే తేడా ఉంటే కింది ఫ్రేము జరిగింది, లేదా లోయర్ ఆర్మ్ వంగింది. మొత్తమే తేడాగా ఉంటే స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) గానీ, హబ్బుని పట్టుకునే నకుల్ గానీ వంగింది. ఇది చూడకుండా గొలుసు వేసి లాగి, లేదా బోల్టు రంధ్రం పెద్దది చేసి క్యాంబర్ సరిపెడతామంటే ఆ షాపు నుంచి వచ్చేయండి.

8. ఆ తర్వాత

అరిగిన అంచు తిరిగి రాదు. గుంటలు పడిన టైరు తప్పు సరిచేశాక కూడా కొంతకాలం అరుస్తుంది. కాబట్టి పని ఫలించిందా అన్నది చప్పుడుతో తేల్చకండి. నోటుబుక్కులో ఆ రోజు లోతులు, కిలోమీటర్లు రాసి, 2,000 కిలోమీటర్ల తర్వాత అవే చోట్ల మళ్లీ కొలవండి. లోపల, నడుమ, బయట మూడూ ఒకే మేర తగ్గితే రోగం కుదిరింది. ఒక అంచే ఇంకా ఎక్కువ తగ్గితే మళ్లీ బుష్‌ల దగ్గరికి.

8,000 నుంచి 10,000 కిలోమీటర్లకి టైర్ల చోట్లు మార్చండి. ముందు చక్రాలు లాగే కార్లలో ముందువి అదే పక్కన వెనక్కి, వెనకవి ఎడమ కుడి మార్చి ముందుకి. బాణం ఉన్నవి మాత్రం ఏ పక్కవి ఆ పక్కే. తప్పు కనిపెట్టకముందు మార్చవద్దు. అరుగుదల చెప్పే సాక్ష్యం చెరిగిపోతుంది, ఏ చక్రం కింద ఏ లోపమో తెలియకుండా పోతుంది. రెండే కొత్త టైర్లు కొంటే వాటిని వెనక వేయండి. తడి రోడ్డు మీద వెనక పట్టు జారితే బండిని నిలబెట్టుకోవడం కష్టం.

టై రాడ్, లోయర్ ఆర్మ్, స్ట్రట్, ర్యాకు వీటిలో ఏది విప్పినా అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. ఆరబోసిన ధాన్యం పక్క రాయి గట్టిగా తగిలినా, సఖినేటిపల్లి దగ్గర గోదావరి దాటించే పంటు ఎక్కుతూ రేకు అంచుకి చక్రం బలంగా కొట్టుకున్నా కనీసం టో కొలిచి చూసుకోవాలి. మార్జిన్‌లోంచి తారు మీదికి ఎక్కేటప్పుడు వేగం 20 లోపు తగ్గించి, స్టీరింగు కాస్త ఎక్కువ తిప్పి అంచుని అడ్డంగా దాటండి. అంచుకి సమాంతరంగా రాసుకుంటూ ఎక్కితే టైరు గోడ చీరుకుపోతుంది, టై రాడ్ మీద దెబ్బ పడుతుంది. రొయ్యల లారీల వెనక, సముద్రపు రోడ్ల మీద తిరిగిన వారం బండి అడుగుభాగం మంచినీళ్లతో కడిగించి, టై రాడ్ మరలకి కాస్త గ్రీజు రాయించండి.